పాత డౌన్‌టౌన్ కూలిపోకుండా ఉండాలంటే ఊరి రూల్స్‌లో ఏం రాయించాలి, ఎలా రాయించాలి

మీ ఊరి డౌన్‌టౌన్‌లో నూరేళ్ల నాటి ఇటుక బిల్డింగుల వరస ఒకటి ఉంటుంది, రోజూ దాని ముందు నుంచే వెళ్తుంటారు, పెద్దగా పట్టించుకోరు. ఒకరోజు పొద్దున్నే వాటిలో ఒకదాని చుట్టూ ఫెన్స్ వేసి ఉంటుంది, ఏంటని అడిగితే డెమాలిషన్ పర్మిట్ (కూల్చడానికి అనుమతి) మొన్ననే ఇచ్చేశాం అంటారు. అప్పుడు ఫేస్‌బుక్‌లో గ్రూపు పెట్టి సంతకాలు మొదలెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఈ పని అంతకు రెండేళ్ల ముందు చెయ్యాలి, ఎవరికీ కోపం రాని టైంలో చెయ్యాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇది అమెరికాలో చిన్న ఊళ్లు, ఓ మోస్తరు ఊళ్ల గురించి. నేను పాత బిల్డింగుల మార్పులూ కూల్చివేతలూ చూసే ఊరి ప్రిజర్వేషన్ కమిషన్‌లో కొన్నేళ్లు వాలంటీర్‌గా కూర్చున్నాను, లాయర్ని కాదు, ఆర్కిటెక్ట్‌ని కూడా కాదు, కాబట్టి చివరి డ్రాఫ్ట్ మాత్రం మీ సిటీ అటార్నీకి (ఊరి తరఫు లాయర్‌కి) చూపించాల్సిందే.

ముందు ఉన్న రక్షణ ఎంతో చూస్కోండి

చాలామంది పడే మొదటి పొరపాటు ఇది. బిల్డింగ్ గోడకి కంచు ఫలకం ఉంటుంది, "నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్" అని, అది చూసి దీన్నెవరూ ముట్టుకోలేరు అనుకుంటాం. తప్పు. 1966 నాటి నేషనల్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ యాక్ట్ కింద వచ్చిన రిజిస్టర్ అది, ఫెడరల్ డబ్బో ఫెడరల్ పర్మిటో ఉన్న ప్రాజెక్ట్ అయితే రివ్యూ చేయించుద్ది, అంతే. ఓనరు తన సొంత డబ్బుతో తన సొంత బిల్డింగ్ కూల్చుకుంటానంటే రిజిస్టర్ అడ్డుకోదు, ఫలకం కూడా శిథిలాలతో పాటు లారీ ఎక్కుద్ది. కూల్చకుండా ఆపే అధికారం ఎక్కడైనా ఉందంటే అది మీ ఊరి ఆర్డినెన్స్‌లోనే, అంటే సిటీ కౌన్సిల్ ఓటేసి పాస్ చేసే లోకల్ చట్టంలో.

కాబట్టి మొదటి రోజు చెయ్యాల్సిన పని సిటీ వెబ్‌సైట్‌లో మున్సిపల్ కోడ్ తెరిచి మూడు పదాలు వెతకడం: హిస్టారిక్, డెమాలిషన్, ఓవర్‌లే (మామూలు రూల్స్ మీద అదనంగా పరిచే రూల్స్). కొన్ని ఊళ్లలో ముప్పై ఏళ్ల క్రితం ఎవరో పుణ్యాత్ములు రాసిన ఆర్డినెన్స్ ఉంటుంది, కమిషన్‌లో మెంబర్లు ఉండరు, మీటింగ్ జరగదు, చట్టం మాత్రం ఇంకా బతికే ఉంటుంది. అలాంటిది దొరికితే సగం పని అయినట్టే, కొత్తది రాయడం కన్నా ఉన్నదాన్ని సవరించడం కౌన్సిల్‌కి చాలా తేలిక.

ఆ తర్వాత రాష్ట్ర చట్టం. ఊరికి ఎంత అధికారం ఉందనేది రాష్ట్రం ఇచ్చే ఎనేబ్లింగ్ యాక్ట్‌ని బట్టి ఉంటుంది. ఒరెగాన్‌లో ఓనరు ఒప్పుకోకపోతే లోకల్ హిస్టారిక్ హోదా ఇవ్వడం కుదరదు, టెక్సాస్‌లో 2019లో వచ్చిన చట్టం ఊళ్లు బిల్డింగ్ మెటీరియల్స్ మీద పెట్టే రూల్స్‌ని బాగా తగ్గించేసింది, హిస్టారిక్ ఏరియాలకి మాత్రం కొన్ని మినహాయింపులిచ్చింది. మీ రాష్ట్రంలో ఎలా ఉందో స్టేట్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్తారు, ప్రతి రాష్ట్రంలోనూ ఒకటి ఉంటుంది, మోడల్ ఆర్డినెన్స్ ఉంటే అది కూడా అడిగి తీసుకోండి.

సర్వే: బోరు పని, కానీ కోర్టులో నిలబెట్టేది ఇదే

"మా డౌన్‌టౌన్ చాలా అందంగా ఉంటుంది" అంటే చట్టం ముందు చెల్లదు. ఏ బిల్డింగ్ ఎప్పుడు కట్టారు, ఎంత మారింది, ఎందుకు ముఖ్యం, ఒక్కోదానికి ఒక పేజీ కావాలి. ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు కలిస్తే ఐదారు బ్లాకుల డౌన్‌టౌన్ కొన్ని వారాంతాల్లో అయిపోద్ది. ఫోన్‌తో ముందు నుంచి ఒక ఫొటో, వెనక సందులోంచి ఒకటి, రెండు పక్కలా కనపడితే అవి కూడా. వెనక సందు మర్చిపోకండి, అసలు వయసు అక్కడే బయటపడుద్ది, ముందు భాగానికి ఎన్ని మేకప్‌లు వేసినా వెనక గోడని ఎవరూ పట్టించుకోరు కదా.

తేదీలకి శాన్‌బోర్న్ మ్యాపులు బంగారం. 1867లో మొదలైన కంపెనీ, ఫైర్ ఇన్సూరెన్స్ వాళ్ల కోసం ఊరూరా ప్రతి బిల్డింగ్ కొలతా గీసింది, గులాబీ రంగు వేస్తే ఇటుక, పసుపు వేస్తే చెక్క. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో చాలా ఊళ్లవి ఫ్రీగా ఉన్నాయి. ఒకే బ్లాకుకి వేర్వేరు ఏళ్ల మ్యాపులు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాంట్లో పసుపు రంగు చెక్క షాపులు, తర్వాతి దాంట్లో అదే చోట గులాబీ రంగు గోడలు కనపడితే ఆ రెండు మ్యాపుల మధ్యలో ఇటుకతో మళ్లీ కట్టారని అర్థం, కారణం చాలాసార్లు అగ్నిప్రమాదమే, ఆ ఏళ్ల పాత పేపర్లు తిరగేస్తే ఏ రోజు తగలబడిందో కూడా దొరుకుద్ది.

ఒక హెచ్చరిక. 1950, 60ల్లో చాలా పాత బిల్డింగుల ముందు భాగానికి అల్యూమినియం రేకులు తొడిగేశారు, మాల్స్‌తో పోటీ పడాలి, మోడర్న్‌గా కనపడాలి అని. రేకు చూసి ఇది పనికిరాదు అని కొట్టిపారేయకండి. చాలాసార్లు లోపల అసలు గోడ, కిటికీల ఆర్చీలు అలాగే ఉంటాయి, పైన ఎక్కడో రేకు వదులైన చోట టార్చ్ వేసి చూస్తే కనపడతాయి.

సర్వే అయ్యాక ప్రతి బిల్డింగ్‌కీ "కాంట్రిబ్యూటింగ్" లేదా "నాన్-కాంట్రిబ్యూటింగ్" అని హోదా ఇస్తారు. అంటే ఈ హిస్టారిక్ జిల్లా (ఇక్కడ జిల్లా అంటే కాపాడాలని గీసుకునే కొన్ని బ్లాకుల ఏరియా) కథలో దీనికి పాత్ర ఉందా లేదా అని. మామూలుగా 50 ఏళ్లు దాటితేనే చూస్తారు. తర్వాత సరిహద్దు గీయాలి, ఇక్కడ నా సలహా ఒక్కటే, ఖాళీ స్థలాలూ పార్కింగ్ లాట్లూ లోపలే ఉంచండి. పాత బిల్డింగులని మాత్రం చుట్టి గీస్తే మ్యాపు ఎలక కొరికిన గుడ్డలా తయారవుద్ది, మధ్యలో వదిలేసిన ఖాళీ లాట్‌లో రేపు డ్రైవ్-త్రూ వస్తే అడిగే హక్కు మీకుండదు. వీధి సెంటర్ లైన్ దగ్గర కూడా ఆపకండి, ఎదురుగా ఉన్న వరస కూడా అదే వీధిలో భాగం కదా.

సర్వే నడుస్తుండగానే డెవలపర్లకి వాసన తగుల్తుంది, రూలు వచ్చేలోపే కూల్చేద్దాం అని పరిగెత్తేవాళ్లుంటారు. దీనికి మారటోరియం అనే పద్ధతి ఉంది, కౌన్సిల్ ఓ ఆరు నెలలు ఆ ఏరియాలో డెమాలిషన్ పర్మిట్లు ఆపుతుంది. 2002లో లేక్ టాహో కేసులో 32 నెలల నిషేధం కూడా దానంతటదే ఆస్తి లాక్కోవడం కిందకి రాదని సుప్రీం కోర్టు అంది. అలాగని 32 నెలలు అడగకండి, మారటోరియం పొడిగిస్తూ పోయే కొద్దీ న్యూట్రల్‌గా ఉన్న ఓనర్లు కూడా శత్రువులవుతారు.

ఓనర్లతో మాట్లాడటం, హియరింగ్‌కి ముందే

ఇది అందరూ వాయిదా వేసే పని, దెబ్బ తినేది కూడా ఇక్కడే. సిటీ పంపిన నోటీసు చూసి మొదటిసారి విషయం తెలిసిన ఓనరు హియరింగ్‌కి (ఓటుకి ముందు అందరి మాటా వినే మీటింగ్‌కి) కోపంతో వస్తాడు, ఒక్కడు రాడు, పక్క షాపు వాళ్లని కూడా తీసుకొస్తాడు. అందుకే ప్రతి బిల్డింగ్ ఓనర్ దగ్గరకీ ముందే వెళ్లండి, కౌంటీ అసెసర్ (ఆస్తి పన్ను కోసం విలువ కట్టే ఆఫీసు) రికార్డుల్లో పేర్లు దొరుకుతాయి. షాపు నడిపేవాళ్లు వేరు, ఓనర్లు వేరు అని గుర్తుంచుకోండి, ఇద్దరితోనూ మాట్లాడాలి.

వాళ్లడిగేవి ఎక్కడైనా దాదాపు అవే. నా బిల్డింగ్ లోపల ఏం చేసుకున్నా మీకెందుకు? (మాకేం సంబంధం లేదు, ఈ రూల్స్ బయట భాగానికే.) పెయింట్ రంగు కూడా మీరే చెప్తారా? (చెప్పకూడదు, దీని గురించి కింద రాస్తా.) ఏసీ మార్చుకోవాలన్నా మీటింగ్‌కి రావాలా? ఇన్సూరెన్స్ పెరుగుద్దా? విలువ పడిపోద్దా? ఆఖరి దానికి గ్యారంటీలు ఇవ్వకండి, ఎవరూ ఇవ్వలేరు. ఒకసారి మాలో ఒకాయన ఉత్సాహం కొద్దీ "మీ ఆస్తి రెట్టింపవుతుంది" అనేశాడు, ఆ మాట మూడేళ్ల పాటు ప్రతి మీటింగ్‌లోనూ మా మొహాన కొట్టారు.

చేతిలో ఒక నిజమైన తాయిలం ఉంది, అది వాడండి. నేషనల్ రిజిస్టర్ జిల్లాలో కాంట్రిబ్యూటింగ్ బిల్డింగ్‌ని ఫెడరల్ స్టాండర్డ్స్ (వీటి గురించీ కింద రాస్తా) ప్రకారం బాగు చేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది, 1986 నుంచి ఇదే రేటు. షరతులున్నాయి: అద్దెకిచ్చేదో వ్యాపారానికి వాడేదో అయ్యుండాలి, సొంతంగా ఉండే ఇల్లు కుదరదు, 24 నెలల్లో పెట్టే ఖర్చు ఆ బిల్డింగ్ అడ్జస్టెడ్ బేసిస్ (కొన్న ధరలోంచి స్థలం విలువా తరుగుదలా తీసేసి, పెట్టిన మెరుగుల ఖర్చు కలిపిన పన్ను లెక్క) కన్నా ఎక్కువుండాలి (బేసిస్ 5,000 డాలర్ల కన్నా తక్కువైతే 5,000 దాటాలి), పని అయ్యాక ఐదేళ్లలోపు అమ్మితే కొంత వెనక్కివ్వాలి. లెక్క వేసి చూపించండి: స్థలం విలువ తీసేసి బిల్డింగ్ బేసిస్ 1,50,000 డాలర్లు ఉందనుకోండి, రిపేర్లకి 1,80,000 పెడితే 36,000 డాలర్ల క్రెడిట్, అది ఐదేళ్లకి పంచి వస్తుంది. చాలా రాష్ట్రాలు దీని మీద ఇంకొంత ఇస్తాయి. గోడ పగుళ్ల గురించి దిగులు పడుతున్న ఓనర్ ముందు ఈ కాగితం పెడితే సంభాషణ మారిపోద్ది. అందుకే రిజిస్టర్‌ని తీసిపారేయొద్దు, డబ్బు ఫలకం వైపు నుంచి వస్తుంది, కాపలా ఆర్డినెన్స్ వైపు నుంచి వస్తుంది, రెండూ కావాలి.

ఆర్డినెన్స్‌లో ఏం ఉండాలి

అసలు పని ఇదీ. మిగతా ఊళ్ల ఆర్డినెన్స్‌లు చదివి కాపీ కొట్టండి, ఇందులో సిగ్గేం లేదు, అందరూ చేసేదే. ఈ రూల్స్‌కి ఆది సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్, 1931లో పాస్ చేశారు, తర్వాత న్యూ ఆర్లియన్స్ తన పాత ఏరియా ఫ్రెంచ్ క్వార్టర్ కోసం 1936లో లూసియానా రాజ్యాంగాన్నే సవరించి మరుసటి ఏడాది కమిషన్ వేసుకుంది. న్యూయార్క్‌కి మాత్రం బుద్ధి రావడానికి 1963లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ కూలడం మొదలవ్వాల్సి వచ్చింది, 1965లో ల్యాండ్‌మార్క్స్ చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారమే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన టవర్ కడతామంటే ఊరు కుదరదంది, దాని ఓనరు పెన్ సెంట్రల్ రైల్వే కంపెనీ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, 1978లో 6-3 తో ఊరే గెలిచింది. మీ కౌన్సిల్‌లో ఎవరైనా "ఇది రాజ్యాంగ విరుద్ధం" అని లేస్తే పెన్ సెంట్రల్ కేసు అని చెప్పండి, సిటీ అటార్నీ తల ఊపుతాడు.

పద్ధతి ఇలా ఉంటుంది. జిల్లా లోపల బయటి భాగం మార్చాలన్నా, కొత్తది కట్టాలన్నా, కూల్చాలన్నా బిల్డింగ్ పర్మిట్‌కి ముందు "సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్" (ఈ పని ఈ జిల్లాకి తగినదే అన్న అనుమతి) తీసుకోవాలి, దాన్ని కమిషన్ ఇస్తుంది. కమిషన్‌లో ఐదుగురో ఏడుగురో, అందులో ఒక ఆర్కిటెక్టో కాంట్రాక్టరో, కనీసం ఇద్దరు జిల్లాలో ఆస్తి ఉన్నవాళ్లు ఉండాలి. అన్నీ కమిషన్ దగ్గరకి రానివ్వకండి. విరిగిన అద్దం, షాపు ముందు నీడకి కట్టే కొత్త ఆనింగ్ గుడ్డ, వెనకవైపు ఏసీ యూనిట్, ఇలాంటివి ప్లానింగ్ స్టాఫే కౌంటర్ దగ్గర సంతకం పెట్టేసేలా రాయండి. కమిషన్‌కి కూడా గడువు పెట్టండి, పూర్తి అప్లికేషన్ అందిన 45 రోజుల్లో తేల్చకపోతే అప్రూవ్ అయినట్టే అని. ఇది మీకే ప్రమాదం అనిపిస్తుంది కానీ ఓనర్ల నమ్మకం దీంతోనే వస్తుంది.

ఇప్పుడు డెమాలిషన్. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి. కౌన్సిల్‌లో రాజీ కోసం ఎవరో ఒకరు అంటారు, "ఆపొద్దు, కొంచెం ఆలస్యం చేద్దాం, 90 రోజులు, ఈలోగా ఏదైనా దారి దొరుకుతుందేమో". దాన్ని డెమాలిషన్ డిలే అంటారు. ఏమీ లేనిదాని కన్నా మేలే, కానీ డెవలపర్ దాన్ని క్యాలెండర్‌లో రాసుకుని ఫైనాన్సింగ్ పనులు చూసుకుంటాడు, 91వ రోజు మిషన్ వస్తుంది. హ్యూస్టన్‌లో 1995 ఆర్డినెన్స్ ఇలాగే ఉండేది, కమిషన్ కాదన్నా 90 రోజులు ఆగితే ఓనర్ తన పని తాను చేసుకోవచ్చు, ఆ దారి మూయడానికి 2010 దాకా పట్టింది. చార్ల్‌స్టన్‌కి కూడా కూల్చడాన్ని పూర్తిగా కాదనే అధికారం మొదట్లో లేదు, చాలా ఏళ్లకి వచ్చింది. కాబట్టి కాంట్రిబ్యూటింగ్ బిల్డింగ్ విషయంలో "కమిషన్ డెమాలిషన్‌ని తిరస్కరించవచ్చు" అనే వాక్యం ఉండాల్సిందే. ఇంకేదైనా వదులుకోండి, బేరం పెట్టండి, ఇది మాత్రం వద్దు.

దానికి జోడీగా మూడు క్లాజులు. ఒకటి, ఎకనామిక్ హార్డ్‌షిప్: ఓనర్‌కి ఆ బిల్డింగ్‌తో సరైన ఉపయోగం ఏదీ మిగల్లేదని రుజువైతే అనుమతి ఇవ్వాలి, కానీ రుజువు చేసే భారం ఓనర్‌దే, కొన్న ధర, అద్దె లెక్కలు, రిపేర్ ఎస్టిమేట్లు, అమ్మకానికి పెట్టిన ఆధారాలు చూపించాలి. ఈ క్లాజు లేకపోతే మీ ఆర్డినెన్స్ కోర్టులో పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఇది ఓనర్ కోసమే కాదు మీ కోసం కూడా. రెండు, నెగ్లెక్ట్: కూల్చడానికి పర్మిషన్ రాలేదని పైకప్పు కారుతుంటే వదిలేసి, నాలుగు వానాకాలాల తర్వాత "ప్రమాదకరంగా ఉంది, కూల్చేయాలి" అని వచ్చేవాళ్లుంటారు. పైకప్పు, గట్టర్లు, కిటికీలు, పునాది కాపాడుకోవడం ఓనర్ బాధ్యత అని రాయండి. న్యూ ఆర్లియన్స్‌లో ఇలాంటి రూలుని 1975లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు సమర్థించింది. మూడు, ముందు కొత్త ప్లాన్ అప్రూవ్ అయి డబ్బు చూపిస్తేనే పాతది కూల్చే పర్మిట్, లేకపోతే కూల్చేసి, ప్రాజెక్ట్ ఆగిపోయి, పదేళ్లు గ్రావెల్ పార్కింగ్ లాట్‌గా మిగుల్తుంది.

ఫైన్ గురించి కూడా ఒక మాట. రోజుకి 500 డాలర్ల ఫైన్ పెద్ద ప్రాజెక్ట్‌కి కాఫీ ఖర్చు. పర్మిట్ లేకుండా కూలిస్తే ఆ స్థలంలో కొన్నేళ్లు ఏ బిల్డింగ్ పర్మిటూ ఇవ్వం అని మీ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే రాయండి, అది నిజంగా నొప్పి పెడుతుంది.

కింద ఉన్న జోనింగ్ సంగతి, ఎవరూ చూడనిది

నా అనుభవంలో పాత డౌన్‌టౌన్‌ని ఎక్కువగా చంపేది బుల్డోజర్ కాదు, మామూలు జోనింగ్ కోడే, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు, ఎంత పార్కింగ్ అని చెప్పే ఊరి రూల్సే. హిస్టారిక్ జిల్లా అనేది ఓవర్‌లే, అంటే పైన పరిచిన దుప్పటి, కింద అసలు జోనింగ్ అలాగే ఉంటుంది. అది ఒకటి చెప్పి దుప్పటి ఇంకోటి చెప్తే దుప్పటి చిరుగుద్ది.

పార్కింగ్ తీసుకోండి. పాత డౌన్‌టౌన్ లాట్ తరచుగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉంటుంది, మొత్తం 2,500 చదరపు అడుగులు, బిల్డింగ్ దాన్నంతా ఆక్రమించి ఉంటుంది. మీ కోడ్‌లో రిటైల్‌కి ప్రతి 1,000 చదరపు అడుగులకీ 4 పార్కింగ్ స్పాట్లు కావాలని ఉందనుకోండి, గ్రౌండ్ ఫ్లోర్‌కే 10 స్పాట్లు. కారు తిరిగే దారితో కలిపి ఒక్కో స్పాట్‌కి 300 చదరపు అడుగులు పడుద్ది, అంటే 3,000. మొత్తం లాట్ కన్నా ఎక్కువ! పైన ఇంకో అంతస్తు ఉందన్న సంగతి ఇంకా లెక్కేయనే లేదు. షాపు ఖాళీ అయి, కొత్తవాళ్లు వాడుక మార్చి రెస్టారెంట్ పెడతామంటే ఈ లెక్క మళ్లీ ముందుకొస్తుంది, దాన్ని తీర్చడానికి ఒక్కటే దారి, పక్క బిల్డింగ్ కొని కూల్చడం. మీ ఊరి డౌన్‌టౌన్‌లో పన్ను ఊడిన నోరులా అక్కడక్కడా ఖాళీలు ఉంటే సగానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. జిల్లాలో పార్కింగ్ మినిమమ్‌లు సున్నా చెయ్యమని అడగండి, బఫెలో 2017లో ఊరు మొత్తానికీ తీసేసింది, మీరు అడిగేది ఐదారు బ్లాకులకే.

ఎత్తు కూడా అంతే. వీధిలో అన్నీ రెండు మూడు అంతస్తులు, జోనింగ్ మాత్రం ఎనిమిది అంతస్తులకి ఒప్పుకుంటుంది, ఆ తేడా ఎంతుంటే కూల్చాలనే ఒత్తిడి అంతుంటుంది, ఓనర్ కోరుకున్నా కోరుకోకపోయినా స్థలం ధర ఆ ఎనిమిది అంతస్తుల లెక్కలోనే పెరుగుద్ది. ఎత్తుని వీధికి దగ్గరగా తీసుకురండి, ఓ అంతస్తు అదనంగా కావాలంటే వెనక్కి జరిపి కట్టేలా. ఊరికి ఇళ్లు కావాలి అనే వాదన వస్తుంది, అది న్యాయమైన వాదనే, దానికి సమాధానం ఖాళీ లాట్లలో కట్టనివ్వడం, పై అంతస్తుల్లో జనాన్ని ఉండనివ్వడం. ఇవి రెండూ మీ జోనింగ్‌లో ఉన్నాయా? చాలా చోట్ల కమర్షియల్ జోన్‌లో పైన నివాసం నిషేధం, ముందు సెట్‌బ్యాక్ (వీధి వైపు వదలాల్సిన ఖాళీ) 20 అడుగులు కంపల్సరీ, అంటే ఇప్పుడున్న బిల్డింగుల్లో ఏది ఈ రోజు కట్టాలన్నా చట్టవిరుద్ధం. కాలిపోతే మళ్లీ అలా కట్టుకోలేరు. ఫ్రంట్ సెట్‌బ్యాక్ సున్నా, పై అంతస్తుల్లో నివాసానికి అనుమతి, ఈ రెండు లైన్లు చాలు.

పై అంతస్తులకి ఇంకో అడ్డంకి రెండో మెట్ల దారి. కొత్త బిల్డింగ్ కోడ్‌ని యథాతథంగా రుద్దితే 25 అడుగుల వెడల్పులో రెండు మెట్లు పెట్టాక గదులకి చోటే ఉండదు. ఇంటర్నేషనల్ ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ కోడ్ అని పాత బిల్డింగుల కోసమే వేరే కోడ్ ఉంది, స్ప్రింక్లర్లు, అలారంలతో కొంత సర్దుబాటు చేసుకోనిస్తుంది, మీ ఊరు దాన్ని అడాప్ట్ చేసిందో లేదో బిల్డింగ్ అఫీషియల్‌ని అడగండి. ఫైర్ మార్షల్‌ని మాత్రం శత్రువుని చేసుకోకండి, మొదటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకోండి.

డిజైన్ గైడ్‌లైన్స్, క్లుప్తంగా

ఇవి ఆర్డినెన్స్‌లో కాకుండా విడిగా ఒక బుక్‌లెట్‌లో పెట్టండి, మార్చుకోవడం తేలిక. ఆధారం ఫెడరల్ ఇంటీరియర్ శాఖ సెక్రటరీ పేరున ఉన్న స్టాండర్డ్స్, రీహాబిలిటేషన్‌కి (పాతదాన్ని బాగు చేసి వాడుకోవడానికి) 10 ఉన్నాయి, ట్యాక్స్ క్రెడిట్‌కి కూడా అవే కాబట్టి ఓనర్‌కి ఒకటే తలనొప్పి, రెండు కాదు. వాటి సారం: పాడైందాన్ని వీలైనంత వరకు రిపేర్ చెయ్యి, తప్పకపోతేనే మార్చు, కొత్తగా కట్టేది పాతదానితో కలవాలి కానీ పాతదానిలా నటించకూడదు.

బొమ్మలు పెట్టండి. పాత షాపు ముఖం కింద నుంచి పైకి: అద్దం కింద పొట్టి గోడ, దాన్ని బల్క్‌హెడ్ అంటారు, తర్వాత పెద్ద డిస్‌ప్లే అద్దం, లోపలికి జరిపిన గుమ్మం, అద్దం పైన చిన్న చిన్న ట్రాన్సమ్ కిటికీలు, సైన్ బోర్డుకి చోటు, పైన ముందుకి పొడుచుకొచ్చే అంచు కార్నిస్. ఓనర్లు మొదట మూసేసేది ట్రాన్సమ్‌లనే, ఫాల్స్ సీలింగ్ కోసం, తెరిస్తే షాపు లోపలిదాకా వెలుగొస్తుంది, ఇది అందం కోసం చెప్పట్లేదు, కరెంటు బిల్లు కోసం చెప్పండి.

గోడల గురించి నేను కళ్లారా చూసింది ఒకటి. 1890ల నాటి మెత్తటి ఇటుక గోడ, ఇటుకల మధ్య సున్నం గచ్చు రాలిపోయిందని కాంట్రాక్టర్ గట్టి పోర్ట్‌లాండ్ సిమెంట్‌తో అతుకులు నింపాడు. చూడ్డానికి నీట్‌గానే ఉంది. ఇటుక లోపలి తేమ ఇదివరకు మెత్తటి గచ్చులోంచి బయటకి పోయేది, ఇప్పుడు పోలేక ఇటుకలోనే ఉండి చలికాలంలో గడ్డకట్టింది. మూడో చలికాలానికి ఇటుక ముఖాలు బిస్కెట్ పొరల్లా ఊడి ఫుట్‌పాత్ మీద పడ్డాయి, సిమెంట్ గీతలు మాత్రం గళ్ల వలలా ముందుకి పొడుచుకొచ్చి నిలబడ్డాయి. వేలితో రాస్తే ఇటుక ఎర్రపొడిగా రాలింది. అందుకే గచ్చు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి అని, సాండ్‌బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి గోడ శుభ్రం చెయ్యడం) వద్దు అని గైడ్‌లైన్స్‌లో పెద్ద అక్షరాల్లో రాయండి. నేషనల్ పార్క్ సర్వీస్ ప్రిజర్వేషన్ బ్రీఫ్స్ అని ఫ్రీగా ఇస్తుంది, 2వది ఈ గచ్చు పని గురించే, 11వది షాపు ముఖాల గురించి, ప్రింట్ తీసి కాంట్రాక్టర్లకి పంచండి.

వదిలేయాల్సినవి: పెయింట్ రంగు (ఇటుక మీద తప్ప, పెయింట్ వెయ్యని ఇటుకకి కొత్తగా వెయ్యొద్దు అనొచ్చు), లోపలి అలంకరణ, సైన్ మీద ఏం రాసుకుంటారన్నది. సైన్ సైజు, చోటు, లైటు వరకే మీ హద్దు, 2015లో రీడ్ వర్సెస్ గిల్బర్ట్ కేసులో సుప్రీం కోర్టు కంటెంట్ చూసి రూల్ మార్చడం మీద గట్టిగానే చెప్పింది.

హియరింగ్, ఓటు, ఆ తర్వాత

ముందు ప్లానింగ్ కమిషన్, తర్వాత సిటీ కౌన్సిల్, మామూలుగా రెండు రీడింగ్స్, అంటే రెండు మీటింగుల్లో కౌన్సిల్ ముందు పెట్టడం. నోటీసులు చట్టం చెప్పినన్ని రోజుల ముందు వెళ్లాయో లేదో మీరే చెక్ చెయ్యండి, నోటీసులో తప్పుంటే ఆర్డినెన్స్ మొత్తం కొట్టేయొచ్చు. మీ తరఫున చరిత్రకారుల్ని నలుగురిని నిలబెట్టకండి, ఒకరు చాలు. జిల్లాలోనే బిల్డింగ్ ఉన్న ఓనరు ఒకరు, పై అంతస్తు బాగు చేసి అద్దెకిచ్చినవారు ఒకరు, ఓ షాపు నడిపేవారు, వీళ్లు మాట్లాడితే కౌన్సిల్ మెంబర్లు ఫోన్లు పక్కన పెట్టి వింటారు.

పాసయ్యాక కమిషన్‌కి ట్రైనింగ్ ఇప్పించండి. అప్లికెంట్‌తో మీటింగ్ బయట కేసు మాట్లాడకూడదు, "నాకు నచ్చలేదు" అనకూడదు, ఏ గైడ్‌లైన్‌కి ఎక్కడ సరిపోలేదో రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీల్‌లో నిలబడేది ఆ కాగితమే. తర్వాత సర్టిఫైడ్ లోకల్ గవర్నమెంట్ హోదాకి అప్లై చెయ్యండి, 1980లో మొదలైన ప్రోగ్రామ్, రాష్ట్రాలకొచ్చే ఫెడరల్ ప్రిజర్వేషన్ నిధిలో కనీసం 10 శాతం ఈ హోదా ఉన్న ఊళ్లకే ఇవ్వాలి, మిగిలిపోయిన సర్వేకీ గైడ్‌లైన్స్ బుక్‌లెట్‌కీ ఆ గ్రాంట్ సరిపోద్ది.

ఇంకో చిన్న పని, ఇది మర్చిపోయే మేము ఒక బిల్డింగ్ పోగొట్టుకున్నాం. ఆర్డినెన్స్ పాసైంది, మ్యాపు గోడకి తగిలించాం, పర్మిట్ కౌంటర్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ పార్సెల్ నంబర్లకి (ఒక్కో స్థలానికి ఉండే నంబర్లకి) ఫ్లాగ్ పెట్టించలేదు. కౌంటర్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఫారం తీసుకుని, ఫీజు కట్టించుకుని, స్టాంప్ వేసి ఇచ్చేశాడు, వాడి తప్పేం లేదు, స్క్రీన్ మీద ఏమీ కనపడలేదు మరి. అందుకని ఓటింగ్ అయిన మర్నాడే పార్సెల్ లిస్టు ఐటీ వాళ్లకిచ్చి ఫ్లాగ్ పెట్టించండి, ఓ వారం ఆగి కౌంటర్‌కి వెళ్లి జిల్లాలో ఒక అడ్రస్ చెప్పి, దీన్ని కూల్చాలంటే ఏం కావాలండీ అని అడగండి. ఫారం చేతికిచ్చి ఫీజు ఎంతో చెప్తే, ఇంటికెళ్లకుండా అక్కణ్ణుంచే ప్లానింగ్ డైరెక్టర్ గది తలుపు కొట్టండి.